రౌతు ఎక్కకముందే నేర్పే విద్య

నాలుగేళ్ల గుర్రం పచ్చికలో తన ఇష్టం కొద్దీ పరుగెత్తుతున్నప్పుడు దానికి నిలకడ గురించి ఎవరూ చెప్పనక్కర్లేదు. మలుపు దగ్గర ఎంత వంగాలో, ఎక్కడ వేగం తగ్గించాలో దాని ఒంటికే తెలుసు. అదే గుర్రం వీపు మీద డెబ్బై కిలోల మనిషి కూర్చుంటే ఆ లెక్కంతా తారుమారవుతుంది. మెడా తలా ముందుకు చాచి ఉండటం వల్ల గుర్రం బరువులో సుమారు 60 శాతం ముందుకాళ్ల మీదే పడుతుంది. రౌతు కూర్చునే చోటు కూడా ముందుకాళ్లకే దగ్గర. బరువు మోయడం అలవాటు లేని గుర్రం వీపు కుంగదీస్తుంది, మెడ బిగిస్తుంది, తూలిపోకుండా ఉండటానికి వేగం పెంచుతుంది. రౌతు భయపడి పగ్గం లాగుతాడు. గుర్రం ఆ కళ్లెం మీదే వాలి పరుగెత్తడం అలవాటు చేసుకుంటుంది. రౌతూ పడిపోకుండా ఉండటానికి అదే పగ్గాన్ని గట్టిగా పట్టుకుంటాడు. ఇద్దరూ ఒకే తోలుపట్టీని ఆసరా చేసుకుంటారు. ఆ భారమంతా చివరికి గుర్రం నోటి మీద పడుతుంది.

ఈ చిక్కు విప్పడానికి యూరప్ శాస్త్రీయ అశ్వవిద్య ఓపికగల దారిని ఎంచుకుంది. గుర్రానికి ముందు వీపు మీద మనిషి లేకుండా తన ఒంటిని తాను మోసుకోవడం నేర్పుతుంది. రౌతుకు ముందు చేతిలో పగ్గం లేకుండా కూర్చోవడం నేర్పుతుంది. ఎవరి నిలకడ వారికి వచ్చాకే ఇద్దరినీ కలుపుతుంది. ఈ రెండు పాఠాలకూ సాధనం ఒక్కటే, ఒక పొడవాటి తాడు. శిక్షకుడు మధ్యలో నిలబడతాడు, తాడు చివరన గుర్రం అతని చుట్టూ పెద్ద వృత్తంలో నడుస్తుంది. దీన్ని లోంజింగ్ అంటారు.

తెలియనివారికి ఇది గుర్రాన్ని గుండ్రంగా తిప్పి అలసట పుట్టించే పనిలా కనిపిస్తుంది. చాలాచోట్ల నిజంగా అలాగే చేస్తారు కూడా. శాస్త్రీయ పద్ధతిలో దాని ఉద్దేశం వేరు. అక్కడ శిక్షకుడు ఎక్కడ నిలబడ్డాడు, తాడు ఎంత బిగువుగా ఉంది, గుర్రం వెనుకకాలు ఎక్కడ పడింది అన్న ప్రతిదానికీ అర్థం ఉంటుంది. ఆ అర్థాలు తెలిస్తే ఈ సంప్రదాయాన్ని నాలుగు వందల ఏళ్లుగా ఎందుకు కాపాడుకుంటున్నారో కూడా తెలుస్తుంది.

ఏథెన్స్ నుంచి వియన్నా దాకా

గుర్రాన్ని భయపెట్టకుండా, దానికి అర్థమయ్యేలా నేర్పాలన్న ఆలోచన పాతదే. క్రీస్తుపూర్వం 4వ శతాబ్దంలో ఏథెన్స్‌కు చెందిన సైనికుడు, రచయిత జెనొఫోన్ అశ్వవిద్య మీద రాసిన గ్రంథం నేటికీ చదువుతున్నారు. కోపంలో ఉన్నప్పుడు గుర్రం జోలికి పోవద్దని ఆయన గట్టిగా చెప్పాడు. బలవంతంగా చేయించిన కదలికలో అందం ఉండదన్నాడు. ఆ ఆలోచన చాలాకాలం మరుగున పడిపోయింది. 1550లో నేపుల్స్‌వాడైన ఫెదెరికో గ్రిజోనె ప్రచురించిన గ్రంథం యూరప్ అంతటా పేరు తెచ్చుకుంది. అందులో మొండి గుర్రాన్ని లొంగదీయడానికి చెప్పిన శిక్షలు చదివితే ఒళ్లు జలదరిస్తుంది.

ఈ విద్యను మళ్లీ మెత్తదనం వైపు తిప్పినవారిలో ఫ్రెంచి గురువులు ముఖ్యులు. ఆంత్వాన్ ద ప్లువినెల్ ఫ్రాన్స్ రాజు 13వ లూయీకి చిన్నతనంలో స్వారీ నేర్పిన గురువు. ఇటలీలో చదువుకుని వచ్చినా అక్కడి కాఠిన్యాన్ని ఆయన తనతో తెచ్చుకోలేదు. నేలలో పాతిన ఒక స్తంభం చుట్టూ, వీపు మీద ఎవరూ లేకుండా, గుర్రాన్ని నడిపిస్తూ తొలి పాఠం చెప్పేవాడు. ఒంటికి పని చెప్పేముందు బుద్ధికి పని చెప్పాలన్నది ఆయన నమ్మకం. రాజుతో సంభాషణగా ఆయన రాసిన గ్రంథం ఆయన పోయిన మూడేళ్లకు, 1623లో అచ్చయింది.

ఆ తరవాతి శతాబ్దంలో ఫ్రాన్స్వా రోబిషోన్ ద లా గెరినియేర్ వచ్చాడు. ఆయన 'ఎకోల్ ద కావలెరీ' గ్రంథం 1733 నాటి పెద్ద ముద్రణతో స్థిరపడింది. లేత గుర్రానికి చదువు ట్రాట్ అనే పరుగునడకతోనే మొదలవ్వాలని, అదీ చదునైన నేల మీద, ముక్కుకు కావెసన్ అనే పట్టీ కట్టి, వీపు ఖాళీగా ఉంచి చేయించాలని ఆయన రాశాడు. ఒకరు తాడు పట్టుకుంటారు, ఇంకొకరు పొడవాటి కొరడాతో వెనుక నుంచి ముందుకు ప్రోత్సహిస్తారు. నేడు మంచి శిక్షణశాలకు వెళ్లి చూస్తే ఈ పద్ధతి దాదాపు ఇలాగే కనబడుతుంది. మారిందల్లా ఇద్దరు చేసే పనిని అనుభవం ఉన్న ఒక్క మనిషే చేయడం.

లా గెరినియేర్ మాట అచ్చులో కంటే ఆచరణలో ఎక్కువగా బతికింది వియన్నాలోని స్పానిష్ రైడింగ్ స్కూల్‌లో. ఆ సంస్థ మూలాలు 16వ శతాబ్దంలో ఉన్నాయి. ఇప్పటి శీతాకాల స్వారీశాలను ఆరవ చార్లెస్ చక్రవర్తి 1729 నుంచి 1735 మధ్య కట్టించాడు. అక్కడ కనిపించే తెల్లని గుర్రాలు లిపిజానర్లు. 1580లో, నేటి స్లొవేనియాలో ఉన్న లిపిత్సా ఊళ్లో ఈ జాతి పెంపకం మొదలైంది. అవి పుట్టినప్పుడు ముదురు రంగులో ఉంటాయి, ఏళ్లు గడిచేకొద్దీ తెల్లబడతాయి. పిల్లలు ఆస్ట్రియాలోని పీబర్ పెంపకశాలలో పెరిగి, కొండ పచ్చికల మీద ఎండాకాలాలు గడిపి, నాలుగేళ్ల ప్రాయం వచ్చేసరికి చదువుకు వస్తాయి. ఎముకలూ కీళ్లూ గట్టిపడేదాకా వాటిని తొందరపెట్టరు. వచ్చిన వెంటనే వీపు మీద ఎక్కరు. తొలి పాఠాలు లోంజ్ తాడు మీదే. ఈ పాఠశాల అశ్వవిద్యను 2015లో యునెస్కో మానవాళి అమూర్త సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది.

ముక్కు మీద పట్టీ

ఈ పనికి కావలసిన సామగ్రి కొద్దిగానే ఉంటుంది, ప్రతి వస్తువు వెనకా ఒక ఆలోచన ఉంటుంది.

వాటిలో మొదటిది కావెసన్. ఇది మెత్తలు కుట్టిన గట్టి ముక్కుపట్టీ. దాని నడిమధ్యన, ముక్కు ఎముక మీద ఒక ఉంగరం ఉంటుంది. తాడు కట్టేది ఆ ఉంగరానికే. పట్టీ బుగ్గ ఎముకకు కింద, ముక్కుపుటాల మెత్తని మృదులాస్థికి పైన కూర్చోవాలి. కాస్త దిగినా ఊపిరికి అడ్డం వస్తుంది. చెంప వెనుక నుంచి వచ్చే రెండో పట్టీని సరిగా బిగించకపోతే తాడు లాగినప్పుడల్లా కావెసన్ జారి బయటివైపు కంటికి తగులుతుంది. ఇంత జాగ్రత్త ఎందుకంటే ఈ దశలో నోటిని ముట్టుకోకూడదు. గుర్రం కింది దవడలో ముందుపళ్లకూ వెనుకపళ్లకూ మధ్య పళ్లు లేని ఖాళీ ఉంటుంది, కళ్లెం ఇనుము కూర్చునేది అక్కడే. పల్చని చర్మం కిందే ఎముక ఉంటుంది. తాడును కళ్లేనికి కట్టి వృత్తంలో తిప్పితే ఆ ఇనుము ఒకవైపుకు లాగుకుపోతుంది. రేపు రౌతు వేలికొసల కదలికను వినవలసిన నోరు ఈనాడే మొద్దుబారిపోతుంది.

తాడు ఏడెనిమిది మీటర్ల పొడవుండే చదునైన పట్టీ. దాన్ని చేతిలో మడతలు మడతలుగా, విడిపోయేలా పట్టుకోవాలి. ఎట్టి పరిస్థితిలోనూ చేతికి చుట్టుకోకూడదు. బెదిరిన గుర్రం అర టన్ను బరువుతో లాగితే చుట్టుకున్న తాడు వేళ్లను నలిపేస్తుంది. అందుకే చేతి తొడుగులు తప్పనిసరి. కొరడా పొడవు కూడా దూరాన ఉన్న గుర్రం దాకా అందేంత ఉండాలి. అది కొట్టడానికి ఉద్దేశించింది కాదు. చేయి అందనంత దూరంలో ఉన్న గుర్రానికి దిక్కు చూపించడానికి. కొరడా చూసి వణికే గుర్రం అప్పటికే ఎవరి చేతిలోనో దెబ్బలు తిని ఉంటుంది. దానికి మొదట నేర్పవలసింది కొరడాతో ఒళ్లంతా నిమిరినా ఏమీ కాదన్న నమ్మకం.

వీటితోపాటు పొట్ట చుట్టూ కట్టే సర్‌సింగిల్ పట్టీ, కాళ్లకు ఒకదాన్నొకటి తగలకుండా రక్షణ తొడుగులు ఉంటాయి. కొన్నాళ్లు గడిచాక సైడ్ రెయిన్లు, అంటే పక్క పగ్గాలు, వస్తాయి. వాటి సంగతి తరవాత.

మధ్యలో నిలబడ్డ మనిషి

గుర్రం వేటాడే జంతువు కాదు, వేటకు దొరికే జంతువు. కళ్లు తలకు రెండు పక్కలా ఉండటం వల్ల తల తిప్పకుండానే దాదాపు చుట్టూ చూస్తుంది. నుదుటికి ఎదురుగా కొంత మేర, తోక వెనుక కొంత మేర మాత్రం దానికి కనబడవు. ఎదుటివాడు ఎక్కడ నిలబడ్డాడు, ఎటు తిరిగాడు అన్నది దానికి మాటకంటే ముందు తెలుస్తుంది. లోంజింగ్ విద్య మొత్తం ఈ స్వభావం మీద ఆధారపడింది.

గుర్రం ఎడమవైపు తిరుగుతుంటే శిక్షకుడి ఎడమ చేతిలో తాడు, కుడి చేతిలో కొరడా. తాడు గుర్రం ముక్కు దాకా, కొరడా దాని వెనుకకాళ్ల దాకా. గుర్రం శరీరం మూడో భుజం. ఈ త్రికోణం చెదరనంతవరకు గుర్రానికి అయోమయం ఉండదు. శిక్షకుడు మామూలుగా గుర్రం పొట్ట పట్టీకి ఎదురుగా నిలుస్తాడు. అక్కడి నుంచి దాని తుంటి వైపు ఒక్క అడుగు వేస్తే ముందుకు సాగమన్నట్టు. భుజం వైపు వేస్తే నెమ్మదించమన్నట్టు. కొరడా కొసను భుజం వైపు చూపిస్తే లోపలికి రాకు, దూరంగా సాగు అన్నట్టు. తాడు బిగిసిపోకూడదు, నేలకు జారకూడదు. తాడు ఏ కాస్త వదులైనా గుర్రం వృత్తం వదిలి లోపలికి వస్తుంది. అదే పనిగా బిగిస్తే ఇద్దరూ ఒకరి మీద ఒకరు వాలిపోతారు, ఏ దోషం నుంచి తప్పించాలని ఇంత చేస్తున్నామో అదే దోషం నేర్పినట్టవుతుంది. సరైన తాడు తేలికగా తగులుతూ ఉంటుంది. అవసరమైనప్పుడు వేళ్లు ఒకసారి మూసి వెంటనే తెరుస్తాడు, అంతే.

గొంతుకు కూడా ఇక్కడ పెద్ద పని ఉంది. ఏ భాషలో చెప్పినా పరవాలేదు. ఒక పనికి ఒకే మాట, ఒకే రాగం ఉండాలి. వేగం పెంచమనేటప్పుడు గొంతు చివర పైకి లేస్తుంది. తగ్గించమనేటప్పుడు మాట సాగి కిందికి దిగుతుంది. నాలుగు రకాలుగా నాలుగుసార్లు చెప్పేవాడి గుర్రం వినడం మానేస్తుంది. ఒక్కసారి చెప్పి ఒక్క క్షణం ఆగేవాడి గుర్రం చెవి అతనివైపు తిప్పి పెడుతుంది.

తొలి రోజుల్లో ఇంకొక మనిషి గుర్రం పక్కన నడుస్తాడు. మధ్యలోని గొంతు ఏం చెబితే అది చేయించి, కొన్నాళ్లకు నెమ్మదిగా తప్పుకుంటాడు. ఆగమన్నప్పుడు గుర్రం శిక్షకుడి దగ్గరికి పరుగెత్తి రాకూడదు. వృత్తం మీదే నిటారుగా నిలబడాలి. శిక్షకుడే తాడు మడుచుకుంటూ దాని దగ్గరికి వెళ్లి మెడ నిమురుతాడు. చిన్న నియమంలా కనిపించినా దీనికి విలువ ఉంది. ఎక్కడ ఆగమంటే అక్కడ ఆగే గుర్రం మీద రేపు రౌతు నిశ్చింతగా ఎక్కగలడు.

వృత్తం వ్యాసం 15 మీటర్లకు తగ్గకుండా చూస్తారు, లేత గుర్రానికి ఇంకాస్త పెద్దదైనా మంచిదే. చిన్న వృత్తంలో లోపలి కాళ్ల కీళ్లు, కండర బంధనాల మీద ఒత్తిడి పెరుగుతుంది. ఎడమకు ఎంతసేపు తిరిగిందో కుడికీ అంతసేపు తిరగాలి. మొదట్లో పదిహేను ఇరవై నిమిషాలకు మించదు. ఒళ్లు తయారైన గుర్రానికైనా అరగంట చాలు.

వెనుకకాలు, వీపు, లయ

గుర్రం నడకలో నాలుగు కాళ్లూ విడివిడిగా పడి నాలుగు దెబ్బల లయ వినిపిస్తుంది. ట్రాట్‌లో ఎదురెదురు మూలల కాళ్లు, అంటే ఎడమ ముందుకాలు కుడి వెనుకకాలు, ఆ తరవాత మిగతా రెండు, జతగా పడతాయి కాబట్టి రెండు దెబ్బలే. అంతకంటే వేగమైన కాంటర్‌లో మూడు. లోంజింగ్‌లో మొదట వెతికేది ఈ దెబ్బల మధ్య ఎడం సమంగా ఉందా అన్నదే. జర్మన్ శిక్షణ క్రమంలో ఆరు మెట్లు చెబుతారు. లయ, సడలింపు, కళ్లెంతో మృదువైన స్పర్శ, వెనుక నుంచి పుట్టే ఊపు, ఒంటి సూటిదనం, చివరికి బరువును వెనుకకాళ్ల మీదికి కూడగట్టుకోవడం. తాడు మీద గుర్రం తొలి రెండు మెట్లను గట్టిగా ఎక్కుతుంది, మిగతావాటికి పునాది వేసుకుంటుంది.

దీనికి వృత్తమే ఎందుకు అంటే, వంపులో నడవాలంటే లోపలివైపు వెనుకకాలు పొట్ట కిందికి కాస్త ఎక్కువగా అడుగు వేయాలి. అలా వేసినప్పుడు ఆ కాలు ఎక్కువ బరువు ఎత్తుకుంటుంది, పొట్ట కండరాలు పని చేస్తాయి, వీపు పైకి లేస్తుంది, మెడ ముందుకూ కిందికీ చాపుకుంటుంది. వీపు బిగిసిన గుర్రానికీ వీపు లేచిన గుర్రానికీ ఉన్న తేడా రౌతుకు బాగా తెలుస్తుంది. కావడి మోసేవాడి అడుగూ కుండల ఊపూ కలిస్తే ఎంత బరువైనా భుజానికి తేలిక. ఊపు ఒకటి, అడుగు ఒకటి అయితే కాస్త బరువే భుజం కోస్తుంది. వీపు ఊగే గుర్రం రౌతు బరువును తన లయలో కలుపుకుంటుంది. బిగుసుకున్న వీపు ప్రతి అడుగుకీ దెబ్బ తింటుంది, దెబ్బ కొడుతుంది.

ఇక పుట్టుకతో వచ్చే వంకర. మనకు కుడిచేతి వాటం ఉన్నట్టే దాదాపు ప్రతి గుర్రానికీ ఒకవైపు తేలిక, ఇంకొకవైపు బిగువు. ఒకవైపు తిరిగేటప్పుడు వెనుకకాలు సరిగ్గా ముందుకాలి దారిలో పడుతుంది, రెండోవైపు పక్కకు జారుతుంది. వీపు మీద కూర్చున్నవాడికి తెలియని ఈ తేడా మధ్యలో నిలబడ్డవాడికి స్పష్టంగా కనిపిస్తుంది. అందుకే పశువైద్యులు కుంటి గుర్రాన్ని పరీక్షించేటప్పుడు దాన్ని లోంజ్ తాడు మీద రెండువైపులా నడిపించి చూస్తారు. సూటిగా నడిచేటప్పుడు దాగిన నొప్పి వృత్తంలో బయటపడుతుంది.

ఒంటిని ఇంకా సాగదీయడానికి నేల మీద చెక్క దుంగలు వరసగా పరుస్తారు. నడకకు సుమారు 80 సెంటీమీటర్ల ఎడం, ట్రాట్‌కు దాదాపు 1.3 మీటర్లు. గుర్రం అంగను బట్టి సర్దుతారు. ఎక్కడ అడుగు పడుతోందో చూసుకుంటూ కాళ్లు ఎత్తి దాటుతుంది. వృత్తాన్ని కాస్త చిన్నది చేసి మళ్లీ పెద్దది చేయడం, ట్రాట్ నుంచి నడకకూ నడక నుంచి ట్రాట్‌కూ తరచూ మార్చడం కూడా ఇందుకే. గుర్రం బలం పెంచేది దూరం కాదు, ఈ మార్పులే.

పక్క పగ్గాల సంగతి

గుర్రం లయలో సడలి నడుస్తున్నప్పుడే సైడ్ రెయిన్లు కడతారు. కళ్లెం ఉంగరాల నుంచి సర్‌సింగిల్ దాకా రెండువైపులా పోయే ఈ పట్టీలు చాలా వివాదాలకు కారణమయ్యాయి, కారణం లేకుండా కాదు. వాటి పని గుర్రం తల కిందికి లాగడం అనుకునేవారు ఎక్కువమంది. అసలు పని వేరు. గుర్రం తనంతట తాను మెడ ముందుకు చాచి వెతుక్కుని అందుకోవడానికి ఒక నిలకడైన స్పర్శను ఇవ్వడం. అందుకే మొదట పొడవుగా కడతారు. రోజుల తరబడి కొద్దికొద్దిగా కుదిస్తారు. గుర్రం ముక్కు నేలకు నిలువుగా గీసిన గీతకు ఎప్పుడూ కాస్త ముందే ఉండాలి. మెడను చాచుకోవలసిన విడుపు నడకలో వాటిని విప్పేస్తారు. గడ్డం ఛాతీకి తగిలేలా బిగించి పరుగెత్తిస్తే చూసేవారికి వంపు అందంగా కనిపించవచ్చు. లోపల వీపు కుంగిపోయి ఉంటుంది, వెనుకకాళ్లు వెనుకే ఉండిపోతాయి. ఆ గుర్రం కళ్లెం నుంచి తప్పించుకోవడం నేర్చుకుంది, అంతే.

పాఠం మంచిగా సాగుతోందా అన్నది గుర్రమే చెబుతుంది. తోక బిగుసుకోకుండా నడుముతోపాటు ఊగుతుంది. ముక్కుతో పెద్దగా ఊపిరి వదులుతుంది. పెదవులు కదిలిస్తూ నములుతుంది. ఒక చెవి లోపలివైపు తిరిగి ఉంటుంది. వేగం అడగకుండానే ఒకేలా ఉంటుంది. ఈ గుర్తులు కనిపించిన వెంటనే ఆపడం మంచి శిక్షకుడి అలవాటు. బాగా చేసినప్పుడు ఆపితే గుర్రానికి ఏది బాగుందో తెలుస్తుంది.

కొన్ని వారాలకు జీను వేస్తారు, రికాబులు పైకి కట్టి ఉంచుతారు, ఆ తరవాత వదులుతారు. ఆ బరువూ చప్పుడూ అలవాటయ్యాక తేలికపాటి రౌతు జీను మీద అడ్డంగా కాసేపు వాలి దిగుతాడు. తరవాత ఎక్కి కూర్చుంటాడు. అప్పటికీ తాడు శిక్షకుడి చేతిలోనే. గుర్రానికి తెలిసిన గొంతు మధ్య నుంచి ట్రాట్ అంటుంది, అదే క్షణంలో రౌతు పిక్కలతో మెల్లగా తాకుతాడు. పాత మాటకు కొత్త సంకేతం తోడవుతుంది. కొన్నాళ్లకు మాట అవసరం తగ్గి సంకేతమే చాలుతుంది. ఎక్కడా పోరాటం ఉండదు, ఎందుకంటే గుర్రానికి తెలియనిది ఏదీ ఒక్కసారిగా అడగరు.

రౌతుకూ ఇదే బడి

'రౌతు కొద్దీ గుర్రం' అని మన సామెత. వియన్నా పాఠశాల ఆ మాటను పాఠ్యక్రమంగానే మార్చింది. కొత్తగా చేరిన విద్యార్థిని ఎలేవ్ అంటారు. అతనికి నెలల తరబడి స్వారీ అంటే లోంజ్ తాడు మీద తిరగడమే. అనుభవం పండిన లిపిజానర్ మీద కూర్చోబెట్టి, రికాబులు తీసేసి, పగ్గాలు లేకుండా, నడక, ట్రాట్, కాంటర్. గుర్రాన్ని నడిపే బాధ్యత మధ్యలో ఉన్న గురువుది. విద్యార్థికి ఒకటే పని, గుర్రం వీపు ఎలా కదులుతోందో తన నడుముతో వినడం.

ట్రాట్ రెండు దెబ్బల ఊపు మనిషిని బంతిలా ఎగరేస్తుంది. భయంతో మోకాళ్లు బిగిస్తే ఇంకా ఎత్తుకు ఎగురుతాడు. తుంటి కీళ్లు వదులై, తొడలు కిందికి వేలాడి, నడుము గుర్రం వీపుతో కలిసి కదిలితేనే కుదురుగా కూర్చోగలడు. చేతులు పక్కలకు చాచడం, భుజాలు తిప్పడం, నడుము నుంచి పక్కకు వంగడం వంటి కసరత్తులు చేయిస్తారు. శరీరం ఏ భాగం కదిలినా మిగతాది చెదరకుండా ఉండాలన్నది లక్ష్యం. ఈ ఆసనం కుదిరినవాడి చేతులకు స్వేచ్ఛ వస్తుంది. అప్పుడే అతనికి పగ్గం ఇస్తారు, ఎందుకంటే ఇప్పుడు దాన్ని పట్టుకుని నిలవాల్సిన అవసరం అతనికి లేదు. మాట్లాడటానికి మాత్రమే వాడతాడు.

ఈ పాఠశాలను 1939 నుంచి 1964 దాకా నడిపిన ఆలోయిస్ పొధాయ్‌స్కీ 1936 బెర్లిన్ ఒలింపిక్స్‌లో నీరో అనే గుర్రం మీద డ్రెస్సాజ్ అనే స్వారీ పోటీలో కాంస్యం గెలిచినవాడు. అంతటివాడు కూడా శిక్షణ మీద రాసిన తన గ్రంథంలో లోంజ్ తాడు మీది పనికి, గుర్రానికీ రౌతుకూ కూడా, పునాది స్థానం ఇచ్చాడు. అక్కడ పూర్తి స్థాయి రౌతు కావడానికి సుమారు పదేళ్లు పడుతుంది. శతాబ్దాలుగా మగవారికే పరిమితమైన ఆ అవకాశం 2008 నుంచి అమ్మాయిలకూ దక్కింది. గుర్రం పండితుడైతే విద్యార్థికి నేర్పుతుంది, రౌతు పండితుడైతే లేత గుర్రానికి నేర్పుతాడు. ఆ వరస ఎక్కడా తెగకుండా చూసుకోవడమే ఆ సంస్థ బలం.

నేల మీద నుంచి నేర్పే పద్ధతి అక్కడితో ఆగదు. కాస్త ముదిరిన గుర్రం పక్కనే నడుస్తూ, చిన్న తాడుతో, ఉన్నచోటే ట్రాట్ లయలో అడుగులు వేసే పియాఫ్ నేర్పుతారు. తరవాత పొడవైన పగ్గాలు పట్టుకుని దాని వెనుకే నడుస్తూ ఉన్నత స్థాయి కదలికలు చేయిస్తారు. వెనుకకాళ్ల మీద ఒంటిని ఎత్తి నిలబడే లెవాడ్, గాలిలోకి ఎగిరి వెనుకకాళ్లు చాచే కాప్రియోల్ లాంటివి కూడా ముందు రౌతు లేకుండానే సాధన చేయిస్తారు. వీపు మీద ఎవరూ లేకపోయినా చేయగలిగితేనే ఆ కదలిక గుర్రానికి సొంతమైనట్టు.

వృత్తం తప్పుదారి పడితే

ఇంత మంచి సాధనం తప్పు చేతుల్లో చాలా హాని చేస్తుంది. ఎక్కేముందు పొగరు దిగాలని చిన్న వృత్తంలో వేగంగా తరమడం అన్నిటికంటే ఎక్కువగా కనిపించే తప్పు. అలా పరుగెత్తే గుర్రం భుజం లోపలికి వంచి, తల బయటికి తిప్పి, ఒంటిని పడేసినట్టు ఒరిగి తిరుగుతుంది. ముందుకాళ్ల కీళ్లు దెబ్బతింటాయి. ఇంకా పెద్ద నష్టం మరొకటి. రోజూ అలా పరుగెత్తే గుర్రానికి దమ్ము పెరుగుతుంది, బుద్ధి పెరగదు. రేపు దాన్ని అలసటపెట్టడానికి ఇంకా ఎక్కువసేపు తరమాలి. 'రౌతు మెత్తనైతే గుర్రం మూడు కాళ్ల మీద నడుస్తుంది' అన్న సామెతను కొందరు కాఠిన్యానికి సాకుగా వాడుకుంటారు. శాస్త్రీయ గురువులు ఎవరూ గుర్రం ముందు మెతకగా ఉండమనలేదు. స్పష్టంగా ఉండమన్నారు. ఒకే మాట, ఒకే స్థానం, సరైన క్షణంలో మెచ్చుకోలు. గుర్రం అడిగిన పని చేయకపోతే ముందు తనను తాను చూసుకోవాలి. నేను నిలబడ్డ చోటు తప్పా, తాడు బిగిసిందా, ఈ పని దీని ఒంటికి ఇంకా బరువా, ఎక్కడైనా నొప్పి ఉందా అని.

మన దగ్గర ఈ విద్య

మన తెలుగునేలకు గుర్రం కొత్త కాదు. హైదరాబాద్‌లోని మలక్‌పేట పందెం మైదానం నిజాంల కాలం నుంచీ ఉంది. అదే నగరంలోని సర్దార్ వల్లభ్‌భాయ్ పటేల్ జాతీయ పోలీసు అకాడమీలో ఐపీఎస్ శిక్షణలో గుర్రపు స్వారీ ఒక భాగం. 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో సుదీప్తి హజేలా, దివ్యకృతి సింగ్, హృదయ్ ఛేడా, అనుష్ అగర్వాలా బృందం డ్రెస్సాజ్‌లో స్వర్ణం గెలిచినప్పుడు గుర్రాల మీద ఈ దేశంలో కొత్త ఆసక్తి పుట్టింది. డ్రెస్సాజ్ అంటే ఈ శాస్త్రీయ విద్యకు పోటీ రూపమే. రౌతు చేతులూ కాళ్లూ కదులుతున్నట్టు కనబడకుండా గుర్రం నృత్యం చేసినట్టు సాగడం వెనుక, ఎవరూ చూడని వృత్తాల మీద గడిచిన ఏళ్లు ఉంటాయి.

మన దేశంలో రైడింగ్ స్కూళ్లలో ఉన్న గుర్రాల్లో చాలా వరకు పందేల నుంచి విరమించుకుని వచ్చిన థరోబ్రెడ్‌లే. రెండు మూడేళ్ల వయసులోనే అవి పరుగు నేర్చుకుంటాయి. కళ్లెం మీద బరువు వేసి, ముందుకాళ్ల మీద వాలి, గరిష్ఠ వేగంతో పోవడం వాటి ఒంటికి పట్టిన అలవాటు. అలాంటి గుర్రాన్ని నేర్చుకునే పిల్లవాడి చేతికి ఇవ్వాలంటే లోంజ్ తాడు కంటే మంచి వంతెన లేదు. వీపు ఖాళీగా ఉంచి, ముక్కుపట్టీ మీద, పెద్ద వృత్తంలో, నెమ్మదిగా లయ వెతుక్కుంటూ నడిపిస్తే పందెం గుర్రం కూడా మెడ చాచడం, వెనుకకాళ్లు కదపడం మళ్లీ నేర్చుకుంటుంది. పిల్లలకూ మొదటి రోజే పగ్గాలు చేతికివ్వకుండా తాడు మీద కూర్చోవడం నేర్పితే, పడిపోతానన్న భయంతో గుర్రం నోరు లాగే అలవాటు పుట్టనే పుట్టదు. పెళ్లి ఊరేగింపుల్లో, సముద్రతీరాల్లో మనుషులను మోసే గుర్రాల నోళ్లు చూసినవారికి ఈ అవసరం ఎంతటిదో వేరే చెప్పనక్కర్లేదు.

దీనికి ఖరీదైన స్వారీశాల అక్కర్లేదు. చదునైన మెత్తని నేల, సరిగ్గా కూర్చునే కావెసన్, ఏడెనిమిది మీటర్ల తాడు, ఓపిక తెలిసిన గురువు చాలు. వీటిలో డబ్బుతో దొరకనిది ఆఖరిదే. కాబట్టి స్వారీ నేర్పే ప్రతి సంస్థా గుర్రాల సంఖ్య పెంచుకునేముందు తాడు పట్టడం తెలిసిన ఇద్దరు ముగ్గురు మనుషులను తయారుచేసుకోవాలి. పిల్లలను చేర్చే తల్లిదండ్రులు కూడా పిల్లవాడు ఎన్నాళ్లకు దౌడు తీయిస్తాడని అడగకుండా, ఎన్నాళ్లు లోంజ్ తాడు మీద కూర్చోబెడతారని అడగాలి. ఆ ప్రశ్నకు వచ్చే జవాబును బట్టి ఆ చోట గుర్రం ఎలా బతుకుతోందో, పిల్లవాడు ఏం నేర్చుకోబోతున్నాడో రెండూ తెలిసిపోతాయి.